లెక్కపెడితే ఆగిపోయే పాట

సౌదీలోని దమ్మామ్‌లో నేను పనిచేసిన ఆఫీసు హెచ్చరికలు రాసేది. "ఈ గుంతలో గాలి లేదు", "పైన క్రేన్ తిరుగుతోంది", "ఇక్కడ నిలబడరాదు". ఇలాంటి వాటిని అరబ్బీలోంచి తెలుగు, హిందీ, ఉర్దూ, బెంగాలీల్లోకి మార్చి, రేకుల మీద అచ్చువేసి కాంట్రాక్టర్లకు అమ్మేవాళ్ళం. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు శీర్షికలు పెట్టినవాణ్ణి కాబట్టి నాకు ఆ పని కొత్తగా అనిపించలేదు. రెండు చోట్లా తక్కువ జాగాలో మనిషిని భయపెట్టాలి.

నా భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె వెళ్ళి కుదురుకున్నాక నేను వెళ్ళాను. మా ముదీర్, అంటే మేనేజరు, దగ్గర అప్పటికి ఖాళీగా ఉన్న వీసా టైల్స్ మేస్త్రీది. అందువల్ల నా ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులో, నేను టైల్స్ మేస్త్రీని. అది అక్కడ వింతేమీ కాదు. ఏ వీసా ఖాళీగా ఉంటే మనిషి ఆ పనివాడవుతాడు. తనిఖీవాళ్ళు వస్తే చూపించడానికి ఉంటుందని ముదీర్ ఒక టైలు తెప్పించి నా బల్ల మీద పెట్టించాడు. నేను దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాణ్ణి.

పక్క బల్ల సిరియా నుంచి వచ్చిన ఒక కుర్దు మనిషిది. ఇకామాలో ఆయన రేడియేటర్ మెకానిక్. ఆయన బల్ల మీద రేడియేటర్ ఏమీ పెట్టలేదు. ముఖం చూస్తే మెకానిక్ లాగే ఉంటాడని ముదీర్ నమ్మకం. నిజానికి ఆయన డమాస్కస్‌లో ఫార్సీ సాహిత్యం చదివాడు. పరిశోధన సగంలో ఉండగా యుద్ధం వచ్చింది. మేమంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన నన్ను "యా సహాఫీ" అని పిలిచేవాడు, ఓ పత్రికాయనా అని. మా మాటలు సగం ఇంగ్లీషులో, సగం ఆఫీసు అరబ్బీలో నడిచేవి. ఇక్కడ అవన్నీ తెలుగులో రాస్తున్నాను గాని, అక్కడ అంత సాఫీగా నడవలేదు.

ఉస్తాద్‌కి ఒకటే విషయం. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసే ముందు మొదలుపెట్టి, మూత పెట్టాక ఆపేవాడు. పాత ఫార్సీ పద్యం మన పద్యం లాంటిదేనట. మనకు గురువులూ లఘువులూ ఉన్నట్టు వాళ్ళకూ పొడుగు అక్షరం, పొట్టి అక్షరం ఉంటాయి. వాటిని తూచి తూచి పేరుస్తారు, పాదాలన్నీ సమానంగా వస్తాయి. కుర్దు పల్లెపాటలో ఆ తూకం లేదు. అక్షరం పొడుగైనా పొట్టిదైనా ఒకటే లెక్క. ఐదు అక్షరాలు, చిన్న ఆగుడు, మళ్ళీ ఐదు. ఫార్సీలో కొత్త కవులు వచ్చి సమానమైన పాదాలను విరగ్గొట్టి ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా రాయడం మొదలుపెట్టినప్పుడు అది ఫ్రెంచివాళ్ళ దగ్గర నేర్చుకున్నారని అందరూ రాశారు. ఉస్తాద్ ఒప్పుకోడు. ఆ గాలి పారిస్ నుంచి రాలేదు, ఇరాన్ పడమటి కొండల్లోంచి, మజ్జిగ చిలికే కుర్దు ఆడవాళ్ళ నోళ్ళలోంచి వచ్చింది అంటాడు. చెప్తున్నంతసేపూ రెండు చేతుల బొటనవేళ్ళూ మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేవి. ఎడమ చేతి మీద ఒక ఐదు, కుడి చేతి మీద ఒక ఐదు.

నేను డెస్కు మనిషిని. అంతా విని ఆధారం ఏమిటని అడిగాను.

"నా భార్య," అన్నాడు.

ఒక్కరి మాట మీద మేము వార్త వేయమని, రెండో ఆధారం కావాలని చెప్పాను. ఆయన కాసేపు అన్నం తిన్నాడు. తర్వాత చెప్పాడు. భార్య అమ్మమ్మ ఆ ఇరాన్ పడమటి కొండల నుంచి పెళ్ళై వచ్చిన మనిషి. ఆమె చిలికేటప్పుడు పాడిన పాట మనవరాలికి వచ్చింది. ఆ పాటలో ఐదేసి అక్షరాల ముక్కలే గాని, ఒక పాదంలో నాలుగు ముక్కలుంటాయి, ఇంకో పాదంలో ఒకటే ఉంటుంది. అంటే కొత్త కవులు కాగితం మీద చేసింది ఆ ముసలమ్మ కవ్వం దగ్గర అంతకుముందే చేసేసింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆ పాట గోడ అవతలి నుంచి మొత్తం విన్నాడు. అప్పుడు దాని విలువ తెలియలేదు, లెక్కపెట్టలేదు. తెలిసిన దగ్గర్నుంచి మొత్తం వినలేదు. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టగానే ఆమె ఆపేస్తుంది.

"అడిగి పాడించుకో," అన్నాను.

"అడిగితే పాడదు. చేతిలో పని ఉంటేనే పాడుతుంది. అదీ ఎవరూ వినడం లేదనుకుంటేనే."

ఫోనులో దొంగతనంగా రికార్డు చేయమన్నాను. పత్రికల్లో అది తెలియని విద్య కాదు. చేశాడట. వంటింట్లో పప్పుల డబ్బా వెనక ఫోను పెట్టి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి వింటే అందులో ఏడో ఎక్కం ఉంది. అరబ్బీలో, స్పష్టంగా, చివరిదాకా. సిరియాలో ఆమె లెక్కల టీచరు.

ఆ ఏడు మా ఆఫీసు పసుపు రంగులో ఉంది. నితాకత్ లెక్కలో ప్రతి కంపెనీకీ ఒక రంగు ఉంటుంది. సౌదీ ఉద్యోగులు తక్కువైతే పసుపు, ఇంకా తక్కువైతే ఎరుపు. పసుపులో ఉంటే మా ఇకామాలు రెన్యూ కావడం కష్టం. ముదీర్ పక్క ఊరు ఖతీఫ్ నుంచి ఒక సౌదీ పెద్దమనిషిని తెచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పూర్వం చేపల వ్యాపారం చేసినవాడు. ఆయన పని హాజరు కావడం. ఆయన దాంతో సరిపెట్టుకోకుండా మేము తయారుచేసిన రేకుల మీది అరబ్బీని పైకి చదవడం మొదలుపెట్టాడు. తప్పులు దొరికాయి. కొన్నాళ్ళకు రేకులు బాగుపడ్డాయి, ఆఫీసు ఆకుపచ్చ అయింది, మా అందరి ఇకామాలూ నిలిచాయి.

అయితే విదేశీయుల ఇంట్లోవాళ్ళ మీద ప్రభుత్వం వేసే లెవీకి ఆఫీసు రంగుతో పని లేదు. భార్యకు ఇంత, ఒక్కో బిడ్డకు ఇంత, ఏడాదికి సరిపడా ముందే కట్టాలి. ఏటేటా పెరుగుతుంది. నా భార్యకు ఆసుపత్రి ఇకామా ఉంది, నాకు టైల్స్ ఇకామా ఉంది. కాబట్టి ప్రభుత్వం దృష్టిలో మేమిద్దరం ఒకరి మీద ఒకరు ఆధారపడని మనుషులం. ఉస్తాద్‌కు భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పిల్లల పరీక్షలు అయిపోగానే ముగ్గురినీ తిరిగి రావడం ఉండని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇరాక్‌లోని ఎర్బిల్ పంపేయాలని నిర్ణయించుకున్నారు. అక్కడ ఆమె అన్న ఉన్నాడు. సిరియా పాస్‌పోర్టుతో ఉస్తాద్‌కు అక్కడికి వీసా ఎప్పుడు దొరుకుతుందో చెప్పగలవాళ్ళు లేరు.

ఆయన ఈ సంగతి నాకు చెప్పినప్పుడు వేళ్ళు కదల్లేదు. "పాట కూడా ఎగ్జిట్ మీద పోతుంది," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదన్నట్టు తల దించుకుని "ఇక్కడ నిలబడరాదు" ప్రూఫు దిద్దాడు.

అప్పటి నుంచి శుక్రవారాలు మేము వాళ్ళింటికి వెళ్ళడం ఎక్కువైంది. ఉస్తాద్ భార్య ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండేది. నా భార్య ఆమెను టీచర్లను పిలిచినట్టు "అబ్లా" అనేది. ఆమె నా భార్యను అందరిలాగే "సిస్టర్" అనేది. నా భార్య అరబ్బీ ఆసుపత్రిలో నేర్చినది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, గట్టిగా ఊపిరి పీల్చు, తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా. ఇంతే. ఈ సరుకుతోనే ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఇంతకంటే ఎక్కువ మాటలు ఆడవాళ్ళ మధ్య అవసరం లేదని నా భార్య అనేది.

ఒక శుక్రవారం ఉస్తాద్ భార్య ఆకులు చుడుతూ సన్నగా పాట ఎత్తుకుంది. ఉస్తాద్ వేళ్ళు లేచాయి. ఆమె ఆపి ఉప్పు ఎక్కడుందని అడిగింది. ఉప్పు ఆమె ముందే ఉంది.

ఇంటికి వస్తూ కారులో నేను నా భార్యకు పాట సంగతి చెప్పాను. ఆమె గుంటూరు వైపు మనిషి. ఏదైనా తేల్చి చెప్తుంది.

"అదేముందండీ. పేషెంటు ఊపిరి లెక్కపెట్టేటప్పుడు మేం చెప్తామా ఏంటి? నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుంటాం, చూపు మటుకు పొట్ట మీద ఉంటది. ఊపిరి లెక్కెడుతున్నామని తెలిసిందా, అక్కణ్ణుంచి ఆ ఊపిరి వేరే అయిపోద్ది."

ఆదివారం ఆఫీసులో ఈ కిటుకు ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన దాన్ని ఒక సిద్ధాంతంలా గౌరవంగా విన్నాడు. తర్వాతి శుక్రవారం మేము వెళ్ళేసరికి ఆయన అరబ్బీ పేపరు విప్పి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళన్నీ అందరికీ కనిపిస్తున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. ఆమె తివాసీ మీద కూర్చుని పిండి ముద్దలు చేస్తోంది. పాట మొదలైంది. ఒక పాదం అయింది. రెండోది సగం దాకా వచ్చింది. నేను నా టీ చల్లారనిచ్చాను.

ఆమె ఆగింది. తల ఎత్తకుండానే, "నీ కాలి బొటనవేలు," అంది.

మేజోడులో బొటనవేలు ఆగింది. నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. ఉస్తాద్ భార్య మాత్రం నవ్వకుండా మావైపు తిరిగి, బల్ల కింద వేళ్ళ మీద కూడికలు చేసే పిల్లల్ని క్లాసు నిండా పట్టుకున్నదాన్ని, ఈయన ఏపాటి అంది.

అసలు లెక్కపెడితే నష్టమేమిటని నేనే అడిగాను. ఆమె పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పింది.

"లెక్క నా ఉద్యోగం. అందులో సిగ్గేమీ లేదు. కానీ మా అమ్మమ్మ చిలికితే వెన్న పడిందా లేదా అని చూసేవాళ్ళు. ఎన్నిసార్లు చిలికావని ఎవరూ అడగలేదు." భర్త వైపు చూసింది. "ఈయన పెళ్ళైన ఏడు విన్నాడు. ఆ తర్వాత వినడం మానేశాడు."

ఉస్తాద్ పేపరు మడిచాడు. అది తలకిందులుగా ఉందని అప్పుడు గమనించాను. చెప్పలేదు.

పరీక్షలు అయ్యాయి. ఎగ్జిట్ ముద్ర పడింది. వెళ్ళే ముందరి శుక్రవారం సామాను కట్టడానికి మేమిద్దరం వెళ్ళాం. రోడ్డు మీదుగా ఎర్బిల్ దాకా చేర్చే కార్గో వాళ్ళ మనిషి పొద్దున్నే పికప్ తెచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి. తెలుగు వినగానే నన్ను తన మనిషిగా లెక్కేసుకుని తొందరపెట్టడం మొదలుపెట్టాడు.

"జర జల్ది సార్. నమాజుకు అన్నీ బంద్ అయితయి, ఆ లోపటనే లోడ్ జెయ్యాలె."

పెట్టెలన్నీ అయ్యాయి. ఒక్కటి మిగిలింది. అందులో పిల్లల పుస్తకాలు, వాటి మీద గల్ఫ్ నుంచి వెళ్ళే ప్రతి ఇంటివాళ్ళూ పట్టుకెళ్ళే బొచ్చు దుప్పట్లు. దుప్పటి నొక్కితే ఒక పక్క దిగి ఇంకో పక్క లేస్తోంది. చివరికి ఉస్తాద్ మూత మీద మోకాళ్ళు వేసి రెండు చేతులతో ఒక అంచు నొక్కాడు. నేను ఎదుటి అంచు మీద దాదాపు పడుకున్నాను. కార్గో మనిషి పెట్టె కదలకుండా అడుగు పట్టుకున్నాడు. నా భార్య పిల్లలిద్దరినీ, పాస్‌పోర్టుల సంచీనీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"చెయ్యి ఇడువకుర్రి సార్. ఇడిస్తే లేస్తది," అన్నాడు కార్గో మనిషి.

ఉస్తాద్ భార్య గోధుమరంగు టేపు చేతిలోకి తీసుకుంది. వెంటనే అంటించలేదు. భర్త చేతులు చూసింది. పది వేళ్ళూ అట్ట మీద తెల్లబడేలా నొక్కుకుని ఉన్నాయి. పెట్టె వెనక్కి వెళ్ళి ఆయన కాళ్ళు చూసింది. ఆయన బూట్లు వేసుకునే ఉన్నాడు, ముందు భాగాలు అట్ట అంచుకు తన్నిపెట్టి ఉన్నాయి. నన్ను కూడా ఒకసారి చూసింది. తర్వాత టేపు లాగింది.

పాట టేపుతో పాటే మొదలైంది. పెట్టె పొడుగు వైపు టేపు చాలాసేపు వస్తుంది, పాట కూడా అంతసేపు వచ్చింది. టేపును పళ్ళతో తెంపింది, పాదం అక్కడ తెగింది. పొట్టి వైపు పొట్టిగా పాడింది. మూలల దగ్గర ఒక్క ముక్క పాడి ఆపి, అరచేత్తో అద్ది, ఇంకో మూలకు వెళ్ళింది. టేపు ఊడేటప్పుడు చేసే చప్పుడు తెలుసు కదా, గుడ్డ చింపినట్టు. దాని మీదుగా ఆమె గొంతు పెద్దగా ఏమీ పెంచలేదు. అర్థం నాకు తెలియదు. లెక్క కూడా తెలియదు, ఎందుకంటే దుప్పటి నా గడ్డం దగ్గర లేస్తోంది. ఉస్తాద్ ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. కళ్ళు మూసుకోలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బరువు మోస్తున్నవాడి ముఖం, అంతే.

ఆమె పాట ముగించినట్టుగా ఆగింది. కార్గో మనిషి పెట్టెను చుట్టూ చూసి తృప్తి పడలేదు.

"ఇంకొక సుట్టు ఎయ్యమ్మా. తొవ్వల మస్తు గుంతలుంటయి."

ఆమెకు తెలుగు రాదు గాని వేలు తిప్పి చూపించాడు కాబట్టి అర్థమైంది. ఈసారి టేపు తెంపకుండా పాడుతూ పెట్టె చుట్టూ తిప్పింది. అన్ని పాదాల్లోకీ పొడుగైన పాదం అదే. జగిత్యాల మనిషి అడగకపోతే అది ఉండేది కాదు.

మేము చేతులు తీశాం. పెట్టె లేవలేదు. ఉస్తాద్ మోకాళ్ళ మీది నుంచి దిగి నావైపు చూశాడు.

"ఎన్ని?" అన్నాడు.

"పెట్టె పట్టుకున్నాను," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆమె మార్కర్ అడిగి తీసుకుని పెట్టె మీద అన్నగారి అడ్రసు రాసింది. అంకెలు చాలా చక్కగా రాస్తుంది.

రెండు రోజుల తర్వాత వాళ్ళను ఎయిర్‌పోర్టులో దింపాం. నా భార్య ఆమె చెయ్యి పట్టుకుని, తిన్నావా, నిద్ర పట్టిందా అని అడిగింది. ఆమె తిన్నానంది, పట్టలేదంది. చిన్న పిల్ల తండ్రి మెడ వదలడానికి కొంత సమయం తీసుకుంది. వాళ్ళు లోపలికి వెళ్ళాక ఉస్తాద్ గాజు గోడ దగ్గర నిలబడ్డాడు. అక్కడ నిలబడరాదని రేకు ఉంది. మాదే. సెక్యూరిటీ అతను వచ్చేదాకా నిలబడ్డాం.

మర్నాడు ఆఫీసులో ఉస్తాద్ నా చేత కార్గో మనిషికి ఫోను చేయించాడు. పెట్టె ఇంకా గోదాములో ఉంటే టేపు వేసిన వైపులన్నీ ఫొటోలు తీసి పంపమని అడగమన్నాడు. అడిగాను.

"టేపు ఫొటోలేంది సార్? లోపట బంగారమేమన్న వెట్టిండ్రా? నా కొలువుకు ఎసరు వెట్టకుర్రి."

అలాంటిదేమీ లేదని, ఆయన భార్య వేసిన టేపు కాబట్టి చూసుకుంటాడని చెప్పాను. అది అతనికి అర్థమైనట్టుంది. సాయంత్రానికి ఫొటోలు వచ్చాయి. పెట్టె మీద ఇంకో రెండు పెట్టెలున్నాయి. ఒక పొడుగు వైపు, ఒక పొట్టి వైపు, ఒక మూల మాత్రమే కనిపిస్తున్నాయి. ఉస్తాద్ ఫోనును నా టైలుకు ఆనించి నిలబెట్టి చాలాసేపు చూశాడు. ఖతీఫ్ పెద్దాయన కూడా కిటికీ దగ్గర్నుంచి వచ్చి చూశాడు. ఇంత టేపు ఎవరు వేశారని అడిగాడు. నా భార్య అన్నాడు ఉస్తాద్. పెద్దాయన ఇంకోసారి చూసి, మా వైపు పడవ అడుగు కూడా ఇంత గట్టిగా కట్టరన్నాడు.

ఉస్తాద్ బొటనవేళ్ళ కోసం చూశాను. బల్ల మీద ఊరికే ఉన్నాయి.

పెట్టెలు ఎర్బిల్ చేరిన కబురు వచ్చిన తర్వాత ఆయన తన వ్యాసం పూర్తి చేశాడు. విదేశీ పత్రిక ఒకదానికి పంపాలని ఇంగ్లీషులో రాసి నన్ను దిద్దమన్నాడు. మొదటి పేజీల్లో ఫ్రెంచివాళ్ళను పద్ధతిగా కాదన్నాడు. తూకం గురించి, లెక్క గురించి పుస్తకాల్లోంచి చెప్పవలసింది చెప్పాడు. చివర ఒక పేరా ఉంది. "ఈ పాటను నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ లెక్కపెట్టలేదు. పాదాలు సమానంగా లేవు. అవి పని ఉన్నంత పొడుగున్నాయి."

డెస్కులో ఉన్న రోజుల్లో ఇలాంటి పేరాను రెండో మాట లేకుండా కొట్టేసేవాణ్ణి. అందులో సంఖ్య లేదు, తేదీ లేదు. నేను కామా ఒకటి సరిచేసి వదిలేశాను. దాని కింద ఆయన ఇంకో వాక్యం చేర్చాడు, రెండోసారి తనతో పాటు విన్నవాడు ఒకడున్నాడని. మనం ఆధారం ఫలానావాడని రాయాలి కదా, నన్ను ఏమని రాస్తావని అడిగాను.

పత్రికాయన అని రాస్తాడనుకున్నాను. ఆయన నా బల్ల వైపు చూసి, ఇలాంటి చోట అధికారికంగా ఉండటం మంచిదని, బ్రాకెట్లు పెట్టి టైల్స్ మేస్త్రీ అని టైపు చేశాడు.